బల్ల ఆదివారానికి ముందు

క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ గవర్నర్ ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. నేటి టర్కీ ఉత్తర తీరాన ఉన్న బితూనియ అతని ఏలుబడిలో ఉండేది. అక్కడి క్రైస్తవులను ఏం చేయాలో అతనికి పాలుపోలేదు. ఆ విశ్వాసాన్ని వదిలేసినవాళ్లను విచారించాడు. సంఘ పరిచారికలుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను హింసించి మరీ ఆరా తీశాడు. వదిలేసినవాళ్లు చెప్పిందల్లా ఇదీ: నియమించుకున్న రోజున తెల్లవారకముందే కూడేవారు, క్రీస్తును దేవుడిగా కీర్తించేవారు. దొంగతనం, దోపిడీ, వ్యభిచారం చేయబోమని, మాట తప్పబోమని, దాచమని ఒకరిచ్చిన సొమ్మును అడిగినప్పుడు ఎగ్గొట్టబోమని ప్రమాణం చేసేవారు.

ఆ దాచిన సొమ్ము దగ్గరే నా మనసు ఆగిపోతుంది. క్రీస్తును కీర్తించిన నోటితోనే పొరుగువాడి డబ్బు గురించి ఒట్టు పెట్టుకున్నారు. వెలుగైన దేవుడితో సహవాసం ఉందంటూ చీకట్లో నడిచేవాణ్ణి యోహాను మొదటి పత్రిక అబద్ధికుడనే అంటుంది. బితూనియవాళ్ల ఒట్టు ఆ మాటకు దినచర్య రూపంలా ఉంది.

అలాంటి నడతను ఆదివారపు నియమంగా పెట్టిన తొలినాళ్ల క్రైస్తవుల చిన్న పుస్తకం ‘డిడాకే’. శతాబ్దాలపాటు కనుమరుగై, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే పండితుడి కంటపడి, 1883లో అచ్చయింది. రొట్టె విరిచే ముందు తప్పులు ఒప్పుకోవాలంటుంది. తోటివాడితో తగువున్నవాడు రాజీపడేదాకా కూటంలో కలవకూడదంటుంది.

మా క్రైస్తవుల్లో రొట్టె విరిచే ప్రభువు బల్ల జరిగే ఆదివారాన్ని బల్ల ఆదివారం అంటాం. దానికి తెల్లబట్టలు సిద్ధం చేసుకోవడం శనివారం పని. దానితోపాటు తగువులు తీర్చుకోవడమూ శనివారం పనేనని నేను నమ్ముతాను. ఇందులో కొంత నేర్పు కావాలి. తప్పెవరిదన్న లెక్క ముందే తీస్తే మాట ముందుకు సాగదు. ఫోన్లో కంటే గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడటం మేలు. ‘‘అక్కా, రేపు బల్ల. నీతో మాట్లాడకుండా వెళ్లలేక వచ్చాను’’ అంటే చాలు. కొందరు లోపలికి రమ్మని టీ పెడతారు. కొందరు మొహం తిప్పుకుంటారు. అలాంటి చోట మళ్లీ నెల వెళ్లాల్సిందే.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. తన్నులు తిన్న భార్యను బల్ల పేరు చెప్పి మళ్లీ ఆ ఇంటికే పంపే పెద్దలున్నారు. రాజీపడాలన్న డిడాకే నియమానికి అలాంటి అర్థం తీయడం ఘోరం. ప్రేమ పేరుతో మోసపొమ్మని కూడా డిడాకే ఎక్కడా చెప్పదు. దారిన పోయే అతిథికి రెండు మూడు రోజులు చోటివ్వమంటుంది. అక్కడే స్థిరపడాలనుకుంటే, చేతిలో వృత్తి ఉన్నవాడు పనిచేసుకు తినాలంటుంది. ఊరు విడిచి వెళ్తూ డబ్బడిగిన అపొస్తలుడు అబద్ధ ప్రవక్తేనని తేల్చేస్తుంది.

ఇక డబ్బు సంగతి. కోతకూలీలకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందంటుంది యాకోబు పత్రిక. అందుకే శనివారం నేను తగువులకంటే ముందు బాకీలు చూసుకుంటాను: పాలవాడికి ఇవ్వాల్సింది, ఇస్త్రీ అతనికి ఇవ్వాల్సింది, మా ఇంట్లో పనిచేసే ఆమె జీతం. తారీఖు దాటినా ఆమె నోరు తెరిచి అడగదు, మొహమాటం. ఒకటో తారీఖు ఇంకా రాకపోయినా ఆ శనివారమే ఆమె చేతిలో పెట్టేస్తాను.