వేషం ఎవరికిస్తారు?

1936 ఏప్రిల్ 1న గంజాంను మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తీసి ఒడిశాలో కలిపినప్పుడు జలంత్రకోట మద్రాసు వైపే ఉండిపోయింది. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా ఊరు, సోంపేటకు దగ్గర. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ కోటను ఏలిన రామకృష్ణ ఛోటరాయ పేరు మీద చెలామణీలో ఉన్న ప్రహ్లాద నాటకాన్ని మాత్రం ఇవతలి గంజాం పల్లెల్లో ఈనాటికీ ఆడుతున్నారు. పాటలు ఒడియా, శ్లోకాలు సంస్కృతం. పాత్ర ప్రవేశించే తీరు, మద్దెల పలికే తీరు చూస్తే మన యక్షగానానికీ భాగవత మేళానికీ చుట్టరికం తెలిసిపోతుంది. ఊరు తెలుగువాళ్ళకు మిగిలింది, నాటకం ఒడియావాళ్ళకు దక్కింది అని బాధపడేవాళ్ళున్నారు. నాకందులో బాధ కనిపించదు. బరంపురంలో పుట్టి పెరిగినవాడికి రెండూ తనవే.

రాత్రంతా కూర్చుని చూడాల్సిన నాటకం అది. మెట్లమెట్లుగా కట్టిన వేదిక, అన్నిటికన్నా పైన సింహాసనం. కింద నేల మీద ప్రధాన గాయకుడు గాహకుడు, అతని పక్కన మద్దెల, తాళాలు, వంతపాట. హిరణ్యకశిపుడు ఆ మెట్లు ఒక్క ఊపున దిగి, మళ్ళీ ఎక్కి, ఆయాసం గొంతులో తెలియనివ్వకుండా పాట అందుకోవాలి. నేను ఎప్పుడు చూసినా ముందుగా గమనించేది ఆ ఊపిరినే. పగలంతా పొలం పనో కూలి పనో చేసుకుని రాత్రి కిరీటం పెట్టుకునే మనిషి ఊపిరి అది. నరసింహుడి ముఖానికి పూజ చేసి గాని తొడగరు. తొడిగినవాడికి పూనకం వస్తుందని నలుగురు పక్కనే కాచుకుని ఉంటారు.

ఇదే కథను తంజావూరు దగ్గర మెలట్టూరులో నరసింహ జయంతికి తెలుగులో ఆడతారు. వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్ర అది. చుట్టూ తమిళం మాట్లాడే ఊరు, రంగం మీద తెలుగు. అక్కడ వేషాలు కట్టేది ఆ సంప్రదాయంలోని బ్రాహ్మణ పురుషులే. ఈ రెండు నాటకాలనూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే నాకొక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. భాషల హద్దు దాటడం నాటకానికి పెద్ద పని కాదు, ఎప్పుడో దాటేసింది. ఆగిపోయేది వేషం ఎవరికివ్వాలి అన్న దగ్గరే.

మా ఊళ్ళో ఆ విషయంలో చేయి విప్పిన పండుగ బుడ్డీ ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది. అమ్మవారు డేరా నేతవాళ్ళ ఆడపడుచు. వాళ్ళు రాజమండ్రి వైపు నుంచి మహురి రాజులు పిలిపించుకున్న మగ్గాలవాళ్ళని పెద్దలు చెప్పుకుంటారు. వాళ్ళ పెద్ద దేశిబెహెరా. ఆ ఇంటి ఆడవాళ్ళు ఘటం నెత్తిన పెట్టుకుని రాత్రిళ్ళు వీధులు తిరుగుతారు. మొక్కున్న వాళ్ళంతా వేషం కడతారు. శివుడు, కృష్ణుడు, ఒళ్ళంతా చారలు దిద్దుకున్న పులి. ఎవరైనా కట్టొచ్చు, రంగస్థలం అనుభవం అక్కర్లేదు. నేతవాళ్ళ అమ్మవారి కోసం నేతవాళ్ళు కానివాళ్ళు కూడా ముఖానికి రంగు పూసుకుని వీధిలోకి వస్తారు. బరంపురంలో తెలుగూ ఒడియా కలిసి బతకడం ఇలాంటి రాత్రుల్లో అలవాటైంది.

దండనాట దగ్గరికొస్తే మనసు రెండుగా చీలుతుంది. మేరు సంక్రాంతికి ముగిసేలా పదమూడు రోజులో ఇరవయ్యొక్క రోజులో వ్రతం. మండుటెండలో దుమ్ములో దొర్లే ధూళి దండ, చెరువులో పాణి దండ, రాత్రి తెల్లవార్లూ ఆట. వ్రతం పట్టినవాడు ఏ కులం వాడైనా భోక్తే. ఆ రాత్రి ఆటలో హరపార్వతులుంటారు, ఫకీరుంటాడు, పిట్టలు పట్టేవాడుంటాడు, సవరా సవరుణీ ఉంటారు, తెల్లవారుజామున వీణకారుడొస్తాడు. ఇంతమందికి చోటిచ్చిన ఆట అరుదు. కానీ కొండల్లోని సవర గిరిజనుల ఆ వేషం సాధారణంగా సవరలు కానివాళ్ళదే. ఆ నడకకు, ఆ మాటకు జనం నవ్వుతారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పర్లాకిమిడి 1992 దాకా గంజాం జిల్లాలోదే. ఒకాయన అంత గౌరవించి నేర్చుకున్న మాటను అదే నేల మీద మనం నవ్వులకు వాడుకుంటున్నాం. ఇది నన్ను బాధిస్తుంది.

ఆడవాళ్ళ సంగతీ అంతే. దండలో పార్వతీ సవరుణీ మగవాళ్ళే. తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలు ధరిస్తే ఆంధ్రదేశమంతా చేతులెత్తి మొక్కింది, ఆ కళ గొప్పదే. కానీ 1885లో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడవాళ్ళు స్వయంగా రంగమెక్కారు, వాళ్ళ పిల్లలు తెరల చాటున పెరిగారు. వీలు కానిదేమీ కాదని ఆ కుటుంబాలు ఎప్పుడో చూపించాయి.

నేను వీధిలో చిన్న నాటకాలు చేయిస్తుంటాను. సూరత్‌కు వెళ్ళినవాళ్ళ మీద ఒకటి చేశాం. గంజాం నుంచి లక్షలమంది అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నారు. పట్టుకు పేరుబడ్డ బరంపురం ఉన్న జిల్లా మనుషులు వేరే రాష్ట్రంలో మగ్గాలు తిప్పుతున్నారు. కాగితం మీద రాసుకుని మొదలుపెట్టలేదు. కొడుకును పంపిన తల్లుల్ని కూర్చోబెట్టి వాళ్ళ మాట వాళ్ళచేత చెప్పించాం. తెలుగులో మొదలైన వాక్యం ఒడియాలో ముగిసేది. సరిదిద్దలేదు. తల్లి వేషానికి గొంతు బాగున్న కుర్రాణ్ణి తీసుకుందామని ఎవరో అన్నప్పుడు ఒక పెద్దావిడ అడ్డుపడింది. "నా ఏడుపు నేనే ఏడుస్తాను బాబూ, మధ్యలో ఆడవేషగాడెందుకు?" ఆవిడే వేసింది. గొంతు చివరి వరుసకు అందలేదు. జనమే ముందుకు జరిగి కూర్చున్నారు.

బ్రెజిల్‌కు చెందిన ఆగస్టో బోల్ చూసేవాళ్ళను లేపి ఆటలోకి తెచ్చాడు. బాధపడేవాడి బదులు నువ్వయితే ఏం చేస్తావో వచ్చి చేసి చూపించు అన్నాడు. బెంగాల్ పల్లెల్లో జనసంస్కృతి వాళ్ళు ఆ పద్ధతిని దశాబ్దాలుగా నడుపుతున్నారు. మేమూ ప్రయత్నించాం. మొదట ఎవరూ లేవరు. ఒక ఇల్లాలు లేచాక ఆపడం కష్టం. పని చేయించే మేస్త్రీ వేషం వేసిన కుర్రాడు ఆవిడ అడిగిన లెక్కలకు జవాబు చెప్పలేక నిజంగానే తడబడ్డాడు.

2022 జనవరిలో గంజాంను బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించారు. బాల్యవివాహాల వంటి విషయాల మీద వేసే నాటకాల్లో తరచూ ఒక పెద్దమనిషి చివర్లో వచ్చి బుద్ధి చెబుతాడు. 1892లో విజయనగరంలో ఆడిన కన్యాశుల్కం ఆడపిల్లల్ని అమ్ముకోవడం మీదే, అయినా గురజాడ ఉపన్యాసం పెట్టి ఊరుకోలేదు. అందులోని వేశ్య మధురవాణి చేత మాట్లాడించారు, ఆవిడ మాటే అందరికన్నా పదునైంది. బడి మానిపించిన పిల్లే వచ్చి తన సంగతి చెబితే ఆ పెద్దమనిషి అవసరమే ఉండదు.

ఈ చైత్రంలో దండను ఇంటికి పిలిపించుకునే వాళ్ళను ఒకటి అడగాలని ఉంది. వ్రత నియమాలు భోక్తలవి, వాటి జోలికి ఎవరూ పోనక్కర్లేదు. వీణకారుడు వచ్చే ముందు ఒక అరగంట గజపతి జిల్లా కొండల సవర యువకులకివ్వండి. వాళ్ళ డప్పు వాళ్ళు తెచ్చుకుంటారు, వాళ్ళ కథ వాళ్ళ భాషలో ఆడతారు. వెంట ఆడపిల్లలూ వస్తే వాళ్ళకూ అదే చోటు కావాలి. రానుపోను ఖర్చూ, భోజనాలూ మేం చూసుకుంటాం.