ఆవిరి లెక్క

జగిత్యాలలో రేడియో టెలిస్కోపు పెట్టొచ్చా? మీటరు పొడవు తరంగాలు పట్టేదైతే పెట్టొచ్చు, మబ్బు పట్టినా దాని పని ఆగదు. మిల్లీమీటరు తరంగాలకైతే మన గాలి పనికిరాదు, అందులోని ఆవిరి వాటిని అడ్డుకుంటుంది. వానాకాలంలో కోరుట్ల మీదున్న ఆవిరినంతా నీరు చేసి నేల మీద పరిస్తే దాదాపు ఐదు సెంటీమీటర్ల మందాన నిలుస్తుంది. చిలీలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, మంచి రాత్రి అది ఒక మిల్లీమీటరే. ఆల్మా టెలిస్కోపు 66 ఆంటెనాలనూ అంత ఎత్తుకు మోసుకుపోయింది అందుకే.

ఆ మిగిలిన కాస్త ఆవిరీ ఊరికే ఉండదు. ఒక మిల్లీమీటరు పెరిగితే, తరంగం ఆరున్నర మిల్లీమీటర్ల దూరం ఎక్కువ నడిచినంత ఆలస్యమవుతుంది. 1.3 మిల్లీమీటర్ల తరంగానికి అది ఐదు అలల తేడా! పైగా 16 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఆంటెనాల మీద ఆవిరి ఒకేలా ఉండదు. అందుకని 12 మీటర్ల ఆంటెనాల్లో ఆవిరిని కొలిచే పరికరం ఒకటి పెట్టారు. నీటి ఆవిరి తనంతట తాను వెలువరించే 183 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని అది సెకను సెకనుకూ కొలుస్తుంది. ఆ మేరకు ఆలస్యాన్ని తీసేస్తారు.

ఇంతకంటే ముందు జరిగే పని డిష్‌ది. 12 మీటర్ల డిష్ ఆకారంలో తప్పు 25 మైక్రాన్లు దాటకూడదు, అంటే వెంట్రుక మందంలో సగం కూడా కాదు. టవరు మీది నుంచి సంకేతం పంపి, ఎత్తుపల్లాల పటం గీసి, పలకల వెనకున్న స్క్రూలు తిప్పి సరిచేస్తారు. ఆ తర్వాత 28 చక్రాల బండి దాన్ని మోసుకెళ్లి దిమ్మె మీద దించుతుంది. దింపాక అది కచ్చితంగా ఎక్కడుందో టేపు పట్టి కొలవరు. ఆకాశంలో నలుదిక్కులా ఎంతో దూరాన వెలిగే గెలాక్సీ నడిబొడ్డులను, అంటే క్వేజార్లను చూసి, సంకేతాలు చేరిన వేళల తేడా నుంచి మిల్లీమీటరులో చిన్న వంతు వరకు లెక్కగడతారు.

పరిశీలనలోనూ క్వేజార్లే దిక్కు. అవి చుక్కలా కనిపిస్తాయి కనుక జవాబు ముందే తెలుసు, తేడా వస్తే అది మనదే. కొన్ని నిమిషాలకోసారి అసలు లక్ష్యాన్ని వదిలి పక్కనున్న క్వేజార్ వైపు తిరిగి ఫేజు, అంటే అల ఏ దశలో చేరిందో, సరిచూస్తారు. వెలుగు కొలతకు యురేనస్, నెప్ట్యూన్ వంటివి ఆధారం. ఖరీదైన సమయం దుబారా అనిపిస్తుంది గానీ, నా దృష్టిలో పరిశీలన అంటే అదే. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పడుగులో ఒక్క పోగు వదులైతే బట్ట పొడవునా చార పడుతుంది, ఒక్క ఆంటెనా ఫేజు తప్పినా చిత్రమంతా చారలే.

ఇలా ఆకాశాన్ని చూసి సరిచూసుకోవడం మన దగ్గరా ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాగీ ఆంటెనాల రాడార్ ఉంది. దానిది 53 మెగాహెర్ట్జ్, అది చూసేది గాలినే. ఆల్మా తీసి పారేసేదే గాదంకికి పంట! ఆ రాడార్ కిరణాన్ని సరిచూసుకోవడానికి దాదాపు నడినెత్తిన దాటే వర్గో-ఏను వాడుకున్నారు. వర్గో-ఏ అంటే ఎం87 గెలాక్సీ. 2017 ఏప్రిల్‌లో ఆల్మా, మరికొన్ని టెలిస్కోపులు కలిసి 1.3 మిల్లీమీటర్ల తరంగంలో చూసిన కృష్ణబిలం దాని నడుమే ఉంది. చూసింది నాలుగు రోజులు, చిత్రం బయటికొచ్చింది 2019 ఏప్రిల్ 10న. మధ్యలో డేటాను వేరువేరు పద్ధతుల్లో కాలిబ్రేట్ చేశారు. నాలుగు జట్లు ఒకరికొకరు చెప్పుకోకుండా చిత్రాలు కట్టి పోల్చుకున్నాయి.

నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ పిల్లలకు ఒక మాట. ఆల్మా డేటా సాధారణంగా ఏడాది తర్వాత అందరికీ ఇచ్చేస్తారు, క్వేజార్ల కొలతలతో సహా. సరిచేసే కాసా సాఫ్ట్‌వేరూ ఉచితమే. తయారైన చిత్రం కాదు, ముడి డేటా దించుకోండి. ఒక్క ఆంటెనా ఫేజునైనా మీ చేత్తో సరిచేసి చూడండి.