వయొల్ బృందవాద్యం: వాదకుల చెవి, శ్రోత చెవి – ‘ఫ్రెట్‌వర్క్’ కృషిపై ఒక పరిశీలన

ఇంగ్లండులో 1986లో ఏర్పడిన ఫ్రెట్‌వర్క్ వయొల్ బృందం వంటి ప్రాచీన వాద్యబృందాలను ప్రశంసించేటప్పుడు తరచుగా వాడే మాట ‘ప్రామాణికత’. పాత వాద్యాన్ని, పాత పద్ధతి తీగలను, పాత కమానును చేపడితే పాత సంగీతం తిరిగి లభిస్తుందన్నది ఆ మాట వెనుక ఉన్న నమ్మకం. ఈ నమ్మకానికి తొలి అభ్యంతరం వయొల్ సంగీతం నుంచే వస్తుంది. అది ప్రధానంగా ఎదుట కూర్చున్న శ్రోతను ఉద్దేశించినది కాదు. వాయించేవారి కోసం కూర్చినది. వాద్యాన్ని పునర్నిర్మించవచ్చు. ఆ వినికిడి స్థితిని పునర్నిర్మించడం సాధ్యమా అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

‘వయోలా ద గాంబా’ అనే ఇటాలియన్ పేరులో గాంబా అంటే కాలు. చిన్న వయొల్‌నైనా పెద్ద వయొల్‌నైనా భుజానికి ఆనించరు, ఒడిలోనో కాళ్ల నడుమనో నిలుపుతారు. సాధారణంగా ఆరు తీగలుంటాయి; మెడ చుట్టూ పేగుతీగతో ముడివేసిన మెట్లుంటాయి. వీణమెట్లు మైనంలో కుదురుగా కూర్చుంటాయి. వయొల్ మెట్లను శ్రుతికి తగినట్లు కొద్దిగా జరపవచ్చు. బృందం పేరులో ఉన్నది ఈ మెట్టే. కమానును అరచేయి పైకి ఉండేట్లు పట్టుకుంటారు కనుక వయొలిన్‌లో లాగుడుకు ఉండే బలం ఇక్కడ తోపుడుకు వస్తుంది. తేలికపాటి చెక్క, తక్కువ బిగువు గల తీగలు ఉన్నందున దీని నాదం పెద్ద మందిరాన్ని నింపలేదు. అయితే ఐదారు వయొల్‌లు కలిసినప్పుడు ఒకటి మరొకదాన్ని కప్పివేయదు. బహుగాత్ర రచనకు ఇంతకంటే కావలసిన గుణం లేదు.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో సంపన్న గృహాలలో ఒక పెట్టెలో ఆరు వయొల్‌లుండేవి: సాధారణంగా హెచ్చుస్థాయివి రెండు, మధ్యమస్థాయివి రెండు, మంద్రస్థాయివి రెండు. ఆంథొనీ వుడ్ వర్ణించిన ఆక్స్‌ఫర్డ్ సంగీతగోష్ఠులలో పెద్దమనుషులు వయొల్‌లనే వాయించేవారు. వయొలిన్ వారి దృష్టిలో కూలికి వాయించేవారి వాద్యం. ఈ ఆభిజాత్యాన్ని పునరుద్ధరణవాదులు అంతగా ప్రస్తావించరు. సంగీతదృష్ట్యా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ప్రతి వాదకుని ముందు అతని భాగం మాత్రమే ఉన్న పుస్తకం ఉండేది, మొత్తం రచన కళ్లెదుట ఉండేది కాదు. తన వరుసను వాయిస్తూ, తక్కిన వరుసలను చెవితో పట్టుకుంటేనే రచనాస్వరూపం తెలిసేది. అంటే వినడం వాయించడంలో భాగం. సభామందిరంలోని శ్రోతకు ఆ పని లేదు.

హెన్రీ పర్సెల్ ఫాంటేజియాలలో ఈ వైరుధ్యం తీవ్రంగా కనిపిస్తుంది. నాలుగు భాగాల ఫాంటేజియాలలో తొమ్మిదింటిపై 1680 జూన్, ఆగస్టు నెలల తేదీలున్నాయి. అప్పటికి ఆయనకు ఇరవయ్యొక్క ఏళ్లు మించవు, ఆ రచనాప్రక్రియ మాత్రం కాలం తీరినది. అవి ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు. 1927లో ఫిలిప్ వార్‌లాక్, ఆంద్రే మాంజో ప్రచురించినప్పుడు ఆధునిక వాద్యాల తంత్రీచతుష్టయాలు వాటిని అందుకున్నాయి. ‘ఒకే స్వరంపై ఫాంటేజియా’ అనే ఐదు భాగాల రచనలో లోపలి భాగమొకటి ఆద్యంతం ‘సి’ స్వరాన్నే పట్టుకొని ఉంటుంది. తెలుగు పాఠకునికి వెంటనే తంబుర స్ఫురిస్తుంది. ఆ పోలిక సగమే నిజం. తంబుర షడ్జం తక్కిన స్వరాలకు స్థానాన్ని నిర్ణయిస్తుంది. ఇక్కడ తక్కిన భాగాలే ఆ ‘సి’ స్థానాన్ని నిర్ణయిస్తాయి. రచన ‘ఎఫ్’ ఆధారంగా నడుస్తుంది కనుక మొదట అది పంచమం. చుట్టూ స్వరసంహతులు మారేకొద్దీ ఒకచోట ఆధారస్వరం, మరొకచోట గాంధారం. కదలనిది అదొక్కటే, అర్థం మారుతున్నదీ దానికే. ఆ భాగాన్ని వాయించే వ్యక్తికి ఇది ప్రతి క్షణం తెలుస్తుంది. వెలుపలి శ్రోత మాత్రం పైభాగాల చలనాన్నే వెంబడిస్తాడు. ఫ్రెట్‌వర్క్ సమతూక శైలి ఈ చోట సార్థకం. ఏ భాగాన్నీ ముందుకు తోయకపోవడం వల్ల శ్రోత దృష్టి లోపలి భాగాలకు మళ్లుతుంది. లారెన్స్ డ్రైఫస్ 1994లో స్థాపించిన ఫాంటాజం బృందం ప్రతి పదబంధాన్నీ వాదప్రతివాదంలా పలికిస్తుంది. విలియం లాస్ రచనల్లోని కరకుదనానికి ఆ పద్ధతే తగుతుందనిపిస్తుంది. అక్కడ సమతూకం ఒక్కోసారి రచన పదునును తగ్గిస్తుంది.

బాఖ్ ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’ను ఫ్రెట్‌వర్క్ వయొల్‌లపై వాయించడాన్ని ప్రామాణికత పేరుతో సమర్థించడం కష్టం. బాఖ్ దానికి ఏ వాద్యమూ పేర్కొనలేదు. వయొల్ బృందాన్ని ఉద్దేశించాడనడానికి ఆధారం లేదు. అయినా ఈ వాదన నిలుస్తుంది, కారణం భాగాల స్పష్టత. ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’కు బృందసభ్యుడు రిచర్డ్ బూత్‌బీ చేసిన రూపాంతరం ఇంత నిరాటంకంగా సాగదు. కీబోర్డు మీద చేతులు దాటుకుంటూ చేసే చమత్కారం వేర్వేరు వాదకుల మధ్య పంచినప్పుడు చమత్కారంగా మిగలదు.

ఈ బృందం అసలు విలువ కొత్త రచనలను వ్రాయించడంలో ఉంది. అలా వచ్చిన వాటన్నింటి ఫలితమూ ఒకటి కాదు. మైకేల్ నైమన్ 1992లో ఒక సుమేరియన్ దేవతాస్తుతికి కూర్చిన రచనలో వయొల్‌లు ఆయనకు అలవాటైన ఆవృత్తులకు కొత్త రంగునివ్వడంతో సరిపెట్టుకుంటాయి. జార్జ్ బెంజమిన్ 1990లో యేట్స్ కవితకు స్త్రీకంఠం, ఐదు వయొల్‌ల కోసం కూర్చిన ‘అపాన్ సైలెన్స్’ అలా కాదు. ఆలోచనలో మునిగిన మనస్సు చుట్టూ ఏర్పడే నిశ్శబ్దం ఆ కవితకు వస్తువు. పెద్ద నాదం పలకలేని వాద్యానికి ఆ వస్తువు సహజంగా అమరింది; దాని బలహీనతే ఇక్కడ రచనకు ఆధారమయింది. దీనినే బెంజమిన్ 1991లో ఆధునిక తంత్రీవాద్యాలకు మార్చి వ్రాశాడు. రెండు రూపాలనూ పక్కపక్కన విన్నప్పుడు, రెండవదానిలో గానం వెనుక వాద్యాలున్నాయన్న భావన కలుగుతుంది. మొదటిదానిలో కంఠం ఆరవ వాదకునిలా వాటి మధ్యనే కూర్చుంటుంది.