కర్ణుడి మీద జాలి ఎవరి కళ్ళతో?

కళను చూసి మనిషి మనసు ఎట్లా కరుగుతుందో చెప్పిన మన అలంకారశాస్త్రంలో చూసేవాడికి కులం లేదు. వాడు ఉత్త ‘సహృదయుడు’. వాడికి ఊరూ లేదు, వాడా లేదు. వెయ్యేండ్ల కింద కశ్మీరులో అభినవగుప్తుడు రసానికి అడ్డుపడే ఏడు విఘ్నాలు లెక్కపెట్టి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండడాన్ని కూడా వాటిలో చేర్చాడు. అంటే సొంత గాయాన్ని హాలు బయట విడిచి లోపలికి రావాలె. చెప్పులు విడిచినట్టు విడవడానికి కులం కాలికి తొడుక్కున్నది కాదు గదా!

ఈ ప్రశ్నను పుస్తకాల్లో కాక మన మధ్యనే పరీక్షిద్దాం. ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీ బస్తీలకు సినిమా దూరపు వస్తువేం కాదు. ఎన్.టి.రామారావు కట్టించిన స్టూడియో నాచారంలోనే ఉంది. ఆయన తన రామకృష్ణా సినీ స్టూడియోస్ పేరు మీద నిర్మించి, దర్శకత్వం వహించిన ‘దానవీరశూర కర్ణ’ 1977 జనవరి 14న విడుదలైంది. మాటలు కొండవీటి వెంకటకవివి. అస్త్రవిద్యా ప్రదర్శనలో ఆచార్యుడు కర్ణుడి కులం అడిగితే దుర్యోధనుడు తిరగబడతాడు. పెద్దల పుట్టుకలన్నీ తవ్విపోస్తాడు. వ్యాసుడి తల్లి పల్లెపడుచు కాదా అని నిలదీస్తాడు. హాలు దద్దరిల్లింది ఇక్కడనే.

కానీ కథ ఇక్కడ ఆగదు. కర్ణుడు సూతపుత్రుడు కాదు, కుంతి కొడుకు అని తేలుతుంది. కన్నీళ్లు వచ్చేది అక్కడ. ఆ కన్నీళ్లలో ఏముందో చూడాలె. తగని కష్టం చూసినప్పుడే జాలి పుడుతుందని అరిస్టాటిల్ అన్నాడు. విషాద నాయకులను పేరున్న వంశాల్లోంచే ఎంచాడు కూడా. క్షత్రియుడై పుట్టి సూతుడనిపించుకున్నాడే అని ఏడ్చేవాళ్ల లెక్కలో, నిజంగానే సూతుడైనవాడికి ఆ అవమానం తగినదే అన్నట్టు! సూతుడు దళితుడు కాకపోవచ్చు. కులం పేర బరిలోంచి గెంటబడడం మాత్రం మనకు తెలిసిన సంగతే.

ఇంకో విశేషం. కులాన్ని ప్రశ్నించే దుర్యోధనుడు, అవమానపడే కర్ణుడు, ధర్మం చెప్పే కృష్ణుడు – మూడు వేషాలూ ఒక్క నటుడివే. ప్రశ్న, గాయం, మందు అన్నీ ఒకే ముఖంలో కనబడితే ప్రేక్షకుడికి లెక్క తీరినట్టే ఉంటుంది. ప్రశ్న బతికుండదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన నాటికి ఆ నటుడే ముఖ్యమంత్రి. కర్ణుడికి చప్పట్లు కొట్టిన ఊళ్లే వాడల మీదికి పోగలిగినయి. తెర మీది కులానికి కరిగిన మనసు వీధిలోని కులానికి కరగాలని ఏమీ లేదు.

మరి వాడ ఏం చేసింది? మా పెద్దనాయిన లాంటి కూలీలకు కుంతి సీను మాటలు రావు. దుర్యోధనుడి మాటలు మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్తరు. ఒకప్పుడు క్యాసెట్లలో విన్నరు, ఇప్పుడు సెల్‌ఫోన్లల్ల వింటున్నరు. దీన్ని మతిమరుపు అనుకుంటే పొరపాటు. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువాళ్లతో చదివించి, తిరిగి చెప్పించి చూశాడు. వాళ్లు తమ లోకానికి పొసగనివి వదిలేసి, పొసిగేవి నిలుపుకున్నారని 1932లో రాశాడు. జ్ఞాపకం నకలు కాదు, మళ్లీ కట్టుకోవడం. వాడ చేసింది అదే. సినిమాలోంచి ప్రశ్నను కోసుకుని, రాజవంశపు జవాబును అక్కడే వదిలేసింది. శాస్త్రం విఘ్నమన్న సొంత దుఃఖమే ఇక్కడ విమర్శ అయింది.

అయితే వాడ చూపును నెత్తికెత్తుకుని ఊరుకోలేం. కులం అడగొద్దన్న దుర్యోధనుడే రాజ్యమిచ్చి కర్ణుణ్ని కొనుక్కున్నాడు. ఆ విశ్వాసం చూసి మనవాళ్ల కళ్లూ చెమ్మగిల్లుతయి. ఉప్పు తిన్న దొరకు ప్రాణమియ్యాలన్న నీతి ఆ మాటల వెంబడే ఇంట్లకొస్తది. ప్రశ్నను తెచ్చుకున్నవాళ్లం దొరను కూడా తెచ్చుకున్నామా అన్నది మన విద్యార్థులు బస్తీల్లో కూర్చొని అడగవలసిన విషయం.

సౌందర్యశాస్త్రం రాసుకునేటప్పుడు మన కవులు ఏం రాశారన్నదొక్కటే చాలదు. మన తల్లిదండ్రులు ఏ సీనుకు చప్పట్లు కొట్టారు, దేన్ని మరిచిపోయారు అన్నది కూడా మన సాహిత్య చరిత్రే.