పుట్టగొడుగు పీట, పుట్టగొడుగు దీపం: ఒక విమర్శ

తొలకరి తరువాత చెత్తకుప్ప మీద పుట్టగొడుగు లేచినప్పుడు మన కంటికి గొడుగే కనబడుతుంది. నిజానికి అది చెట్టుకు కాయ వంటిది. అసలు జీవి కుప్ప లోపల ఉంటుంది. కుళ్ళుతున్న గడ్డిని విడదీసి చూస్తే తెల్లని దూదిపోగుల వంటి సన్నని తంతువులు అల్లుకొని కనిపిస్తాయి. వృక్షశాస్త్రంలో దీనిని శిలీంద్రజాలం అంటారు. ఈ జాలంతో కుర్చీలు, పీటలు, దీపపు గొడుగులు తయారుచేయవచ్చునని ఐరోపా, అమెరికా రూపశిల్పులు కొందరు చేసి చూపారు. కర్మాగారంలో చేసినవి కావు, పండించినవి అని వీటిని మెచ్చుకొంటున్నారు. మాట బాగున్నది. కాని వస్తువు విలువను దాని గుణాన్ని బట్టి నిర్ణయించాలి. ఆ దృష్టితో మూడు వస్తువులను పరిశీలిద్దాము.

ముందు పదార్థం సంగతి. గడ్డి, రంపపు పొట్టు, నార చెత్త వంటివాటిని ఆవిరిలో ఉడికించి, ఇతర సూక్ష్మజీవులను చంపుతారు. చల్లారిన తరువాత పుట్టగొడుగు విత్తనం కలిపి, అచ్చులో నింపి, తేమ ఆరిపోకుండా ఉంచుతారు. తంతువులు ఎంజైములను విడిచి సెల్యులోజ్, లిగ్నిన్‌లను కొంతకొంతగా జీర్ణించుకొంటూ పోచకూ పోచకూ మధ్య కుట్టు వేసినట్లు వ్యాపిస్తాయి. జిగురుతో పని లేదు. ఈ తంతువుల గోడలలో ఉండే కైటిన్ పీత పెంకులోనూ ఉన్నది. అచ్చంతా అల్లుకొన్న తరువాత వేడిచేసి ఎండబెడతారు. శిలీంద్రం చనిపోతుంది. మిగిలేది బెండు వంటి తేలిక దిమ్మ. 2007లో ఎబెన్ బేయర్, గావిన్ మెకింటైర్ అమెరికాలో స్థాపించిన ఎకోవేటివ్ సంస్థ దీనిని థర్మోకోల్‌కు బదులు ప్యాకింగు సరుకుగా ప్రచారంలోకి తెచ్చింది. ప్యాకింగుకు ఇది తగినదే. కూర్చోవడానికి తగునా?

ఒక చిన్న లెక్క చూద్దాము. ఇటువంటి తేలిక దిమ్మలు చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోగ్రాముల ఒత్తిడికే నలుగుతాయి. టేకు కలప పొర వెంట 400 కిలోగ్రాములకు పైగా ఓర్చుకొంటుంది. 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల దిమ్మపై 60 కిలోల మనిషి కూర్చుంటే చదరపు సెంటీమీటరుపై పడే బరువు 70 గ్రాములు మించదు. భయం లేదు. అదే దిమ్మకు 3 సెం.మీ. మందం గల నాలుగు చదరపు కాళ్ళు పెడితే ఒత్తిడి 1.7 కిలోగ్రాములు అవుతుంది. ఆ మనిషి వెనుకకు వాలి బరువంతా రెండు కాళ్ళపై మోపితే 3.3 కిలోగ్రాములు. కాళ్ళు నలిగిపోతాయి. అంటే ఈ పదార్థం పీటకు పనికివస్తుంది, సన్నని కాళ్ళ కుర్చీకి పనికిరాదు. పైగా లాగే బలానికీ, వంచే బలానికీ ఇది మరింత బలహీనం.

ఇప్పుడు 2013లో డచ్చి రూపశిల్పి ఎరిక్ క్లారెన్‌బీక్ ప్రదర్శించిన కుర్చీని చూద్దాము. ఆయన యంత్రంతో పొరలు పొరలుగా జీవప్లాస్టిక్ పెంకును ముద్రించి, లోపల గడ్డిపొడిలో శిలీంద్రాన్ని పెంచారు. యంత్రాన్నీ జీవినీ ఒక పనిలో కలపడం నిజంగా కొత్త ఆలోచన. కాని బరువును మోస్తున్నది పెంకా, శిలీంద్రమా? చూసేవారికి తెలియదు. జీవప్లాస్టిక్కులలో చాలా రకాలు పెరటి ఎరువుగుంటలో త్వరగా కుళ్ళవు. కనుక అంతా మట్టిలో కలుస్తుందన్న భరోసా కూడ తగ్గుతుంది. కుర్చీపై మొలిపించిన పసుపు పుట్టగొడుగులు కంటికి ఇంపుగా ఉన్నవి. అయితే అవి కుర్చీకి బలం ఇవ్వవు. ఇది పరిశోధనకు నమూనాగా గొప్పది, ఆసనంగా సందేహాస్పదమైనది.

అదే సంవత్సరం డెన్మార్కుకు చెందిన జోనాస్ ఎడ్వర్డ్ ‘మిక్స్’ అనే దీపపు గొడుగును రూపొందించారు. నారపీచులో ముత్యపు చిప్ప పుట్టగొడుగులను పెంచి, వాటిని తినడానికి కోసుకొని, మిగిలిన తంతువుల చాపను గొడుగు ఆకారంలో ఎండబెట్టారు. కుర్చీలో అలంకారంగా నిలిచిన పుట్టగొడుగు ఇక్కడ భోజనమైనది, పారవేయవలసినది వస్తువైనది. దీపపు గొడుగు తన బరువు తాను మోస్తే చాలు. పాతకాలపు బల్బు తన విద్యుత్తులో అధికభాగాన్ని వేడిగా మార్చేది. నేటి ఎల్‌ఈడీ దీపం అంత వేడెక్కదు కనుక ఇటువంటి గొడుగు దానికి అనుకూలం. లోపం ఒకటి ఉన్నది. మందమైన శిలీంద్రజాలం కాంతిని తనలోనుండి పోనివ్వదు. వెలుగు బల్లమీద పడుతుంది, గది మసకగానే ఉంటుంది. ఐనను పదార్థం చేయగలిగిన పనినే పదార్థానికి అప్పగించిన వస్తువు ఇది. మూడింటిలో నా ఓటు దీనికే.

మూడవది 2017లో లండన్‌లో సెబాస్టియన్ కాక్స్, నినెలా ఇవనోవా ప్రదర్శించిన పీటలు, దీపాలు. అడవి నుండి వచ్చే తక్కువ విలువగల కలపను సన్నని పేళ్ళుగా చీల్చి అల్లి, దానిపై ఫోమెస్ ఫోమెంటేరియస్ అనే శిలీంద్రాన్ని పెంచారు. ఇది చెట్ల మానులపై గిట్ట ఆకారంలో పెరుగుతుంది. దీని మెత్తని భాగాన్ని ఐరోపావారు పూర్వం నిప్పు రాజేయడానికి వాడేవారు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, 5,000 ఏళ్ళకు పైబడిన మనిషి శవం వద్ద కూడ ఇది ఉన్నది. ఈ పీటలో కలపే శిలీంద్రానికి ఆహారం, కలపే పీటకు ఎముక. వంపును కలప ఓర్చుకొంటుంది. సందులను శిలీంద్రం పూరిస్తుంది. ఆలోచన సరియైనది. చిక్కు కాలంతో వస్తుంది. ఇది కలపను కుళ్ళబెట్టే శిలీంద్రం. తొందరపడి ఎండబెడితే అతుకు పట్టదు. ఆలస్యం చేస్తే ఎముకనే తినివేస్తుంది.

చివరిగా, ఇవి పర్యావరణానికి మేలు చేస్తాయా? ఉడికించడానికీ ఎండబెట్టడానికీ ఇంధనం కావాలి. ఆ ఇంధనాన్ని లెక్కలో చేర్చకుండా మెచ్చుకోరాదు. త్వరగా మట్టిలో కలవడం ప్యాకింగుకు గుణమే, కాని పీటకు అది సగం గుణం. తాతగారి టేకుపీట మనుమడికి కూడ పనికివస్తున్నది. దానితో పోటీకి వచ్చేది వానకాలపు తేమను ఎన్నేళ్ళు తట్టుకొంటుందో చూపాలి. పైపూత పూస్తే తేమ ఆగుతుంది. కాని ఆ పూత దేనితో చేసినదని మళ్ళీ అడగవలసి వస్తుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చును. మన ప్రాంతంలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులను వరిగడ్డిపైనే పెంచుతారు. కోత అయిపోయిన సంచినొకదానిని తెచ్చి, గడ్డిముద్దను బాగుగా ఎండబెట్టి, ముక్కలుగా కోసి తూకం వేయండి. ఒక ముక్కను రాత్రంతా నీటిలో ఉంచి మళ్ళీ తూచండి. పొడి ముక్కపై, తడిసిన ముక్కపై పుస్తకాలు ఒక్కొక్కటిగా పేర్చి, ఏది ఎప్పుడు నలిగినదో విద్యార్థులచేత వ్రాయించండి. ఆ అంకెలు చేతిలో ఉన్నప్పుడు ఇటువంటి కుర్చీ చిత్రాన్ని చూపించి, దీనిపై మీరు కూర్చుంటారా అని అడగండి.