డబ్బా అడుగున గుప్పెడు బియ్యం

2025 జూన్‌లో తెలంగాణ రేషన్ దుకాణాలు మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చాయి. మనిషికి నెలకు 6 కిలోలు. నలుగురున్న ఇంటికి 72 కిలోలు. హైదరాబాద్ మూసారాంబాగ్‌లో మూసీ వైపు దిగే గల్లీల్లో, ఒక గది, ఒక వంటిల్లు ఉన్న పోర్షన్లలో అంత బియ్యానికి గోడవార నేల తప్ప చోటేది? అదీ గాలి చెమ్మెక్కే రోజుల్లో.

ముక్కుపురుగుకు కావలసింది సరిగ్గా అదే. రెండు మూడు మిల్లీమీటర్ల ప్రాణి. ఆడపురుగు ముక్కుతో గింజకు కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చేస్తుంది. తన జీవితంలో అలా 300 దాకా పెట్టగలదు. పిల్లపురుగు ఆ గింజనే తింటూ అందులోనే పెరుగుతుంది. 30 డిగ్రీల వేడిలో నెల తిరిగేసరికి బయటికొస్తుంది. జల్లెడ పట్టి, చేటలో చెరిగి పెట్టిన బియ్యంలో కొన్ని వారాలకే మళ్లీ పురుగు కనబడేది ఇందుకే. ఏరేసినవి తల్లులు, పిల్లలు గింజల్లోనే ఉండిపోయాయి. డబ్బాలో పురుగు కనబడగానే ఇంటి ఆడవాళ్ల శుభ్రాన్ని తప్పుపట్టడం అన్యాయం.

పెసలది వేరే దారి. వాటి పురుగు చాలాసార్లు పొలంలోనే కాయ మీద గుడ్డు పెడుతుంది. గింజ మీద తెల్లటి చుక్క, తర్వాత గుండ్రటి కన్నం. పప్పుగా విడగొట్టిన గింజల్లో దీని పెరుగుదల బాగా తగ్గుతుంది. పాతకాలం వాళ్లు పెసలకు ఆముదం పట్టించడం ఉత్త అలవాటు కాదు: కిలోకు 5 మిల్లీలీటర్ల నూనె ప్రతి గింజకూ అంటితే గుడ్లకు ఊపిరాడదు. వేపాకు, ఎండుమిర్చి, లవంగాల మీద మాత్రం అంత నమ్మకం పెట్టుకోకూడదు. వాటి వాసన కొత్త పురుగును కాస్త దూరంగా ఉంచుతుందేమో గానీ, గింజ లోపలికి చేరినదాన్ని ఏమీ చేయలేదు.

దాన్ని చంపేవి వేడి, చలి. వేసవిలో డాబా మీద నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచి, పప్పుగింజలు పలచగా పోసి, పైన పారదర్శకంగా ఉండే పాలిథిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెడితే చాలు; లోపల 57 డిగ్రీల వేడి గంటసేపు నిలిస్తే గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా ఏదీ మిగలదు. బియ్యానికి ఈ పని చేయకూడదు, గింజ చిట్లి నూకవుతుంది. రవ్వ, పిండి ఫ్రీజర్‌లో వారం ఉంచితే చాలు. రవ్వను దోరగా వేయించి దాచే మన పద్ధతీ మంచిదే. పిండి గులాబీ రంగుకు తిరిగి ఘాటు వాసన వేస్తే ఎర్ర పిండిపురుగు బాగా ముదిరినట్టు, దాన్ని పారేయాలి.

రవ్వను ఉండలు కట్టించి గూళ్లు అల్లే పురుగు చివరికి బూడిదరంగు రెక్కల పురుగవుతుంది. దాన్నే జీవనియంత్రణ ప్రయోగశాలల్లో జొన్నల మీద పెంచుతారు. దాని గుడ్లలో ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి పెరుగుతుంది. రైతులు పొలంలో కట్టే ట్రైకో కార్డుల మీద ఉండేవి ఆ గుడ్లే. వంటింట్లో శత్రువు, చేలో కాండం తొలిచే పురుగుల మీద పోరుకు ముడిసరుకు.

ఇక విషం సంగతి. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇళ్లలో బియ్యం బస్తాల పక్కకు చేరడం ఘోరం. తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. ఒకే గదిలో పడుకున్న కుటుంబాలు ఈ వాయువుకు బలైన ఘటనలు మన దేశంలో జరిగాయి. ఎవరు ఇచ్చినా, ఎంత చవకైనా ఆ బిళ్ల గడప దాటి లోపలికి రాకూడదు.

విషం లేకుండానే పురుగుకు ఊపిరాడకుండా చేయవచ్చు. 1980ల చివర్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కామెరూన్ రైతుల అలసందల కోసం మూడు పొరల సంచి పద్ధతి రూపొందించారు. గాలి చొరకుండా బిగిస్తే లోపలి పురుగులే ఆక్సిజన్‌ను వాడేసుకుని చస్తాయి. మూసారాంబాగ్ వంటింట్లో ఆ పనికి కడిగి బాగా ఆరబెట్టిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు చాలు. పొడిగా ఉన్న బియ్యం మూతి దాకా నింపి మూత బిగించాలి. సగం ఖాళీగా వదిలితే లోపలి గాలి పురుగుకు చాలాకాలం సరిపోతుంది. కొనుక్కునేవాళ్లకు మలక్‌పేట గంజ్ పక్కనే ఉంది కాబట్టి పెద్ద బస్తా మోసుకు రానక్కర్లేదు. అడుగున గుప్పెడు పాత బియ్యం ఉన్న డబ్బాలో కొత్తవి పోయకూడదు. ముందు దాన్ని ఖాళీ చేసి, మూత గాడిలో ఇరుక్కున్న పొడి దులిపి, ఎండలో పెట్టాలి.