మెత్తని పాట వెనుక గట్టి పని

బీటిల్స్ బృందం 1966 ఏప్రిల్ నుంచి జూన్ దాకా లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో ‘రివాల్వర్’ ఆల్బమ్ రికార్డు చేసింది. టేపును వెనక్కి తిప్పడం, ముక్కలు అతికించి వలయాలుగా ఆడించడం వంటి ప్రయోగాలతో, రాక్ సంగీతం అంతవరకూ ఎరగని శబ్దాలు పుట్టించింది. ఆ ఆల్బమ్‌లోనే ‘హియర్, దేర్ అండ్ ఎవ్రీవేర్’ అనే ప్రేమగీతం ఉంది. నిడివి రెండున్నర నిమిషాలైనా లేదు. వింటే పాల్ మెకార్ట్నీ అలా ఊరికే పాడేశారనిపిస్తుంది. ఆ సుకుమారం మాటలో, శ్రుతిలో, మైకు ముందు ఎంతో ఓపికతో సాధించినది.

వేబ్రిడ్జ్‌లోని తన సహచరుడు జాన్ లెనన్ ఇంటికి వెళ్లిన మెకార్ట్నీ, ఆయన నిద్ర లేచేలోగా ఈత కొలను పక్కన గిటారు పట్టుకుని ఈ పాట కట్టడం మొదలుపెట్టారు. బీచ్ బాయ్స్ పాట ‘గాడ్ ఓన్లీ నోస్’ ప్రభావం దీని మీద ఉందని మెకార్ట్నీయే చెప్పారు. శీర్షికలోని మూడు మాటలే సాహిత్యానికి మెట్లు. మొదటి చరణం ‘ఇక్కడ’ మొదలై, రెండోది ‘అక్కడ’కు సాగి, ఆపై వచ్చే మలుపులో ప్రేమ ‘అంతటా’ పరుచుకుంటుంది. బరువైన ఉపమానాలు లేవు, అన్నీ రోజూ మాట్లాడుకునే మాటలే.

మన పాత సినిమా పాటల్లో పల్లవికి ముందు తాళం లేకుండా సాకీ పాడతారు. ఈ పాటకూ అలాంటి ఎత్తుగడే ఉంది. తర్వాత చరణంలో కార్డ్స్ జీ మేజర్, ఏ మైనర్, బీ మైనర్, సీ మేజర్ అంటూ స రి గ మ మెట్ల మీదుగా ఒక్కో అడుగే పైకి వెళ్తాయి. ‘అంతటా’ అన్న మాట దగ్గర మాత్రం ఆధార శ్రుతే జీ నుంచి బీ ఫ్లాట్‌కు మారుతుంది. మాటలో ఉన్న విస్తారం స్వరంలోకీ వస్తుంది. అయినా ఎక్కడా కుదుపు తెలియదు.

జూన్ 14, 16, 17 తేదీల్లో రికార్డింగ్ జరిగింది. టేపులో ట్రాకులు నాలుగే. వాద్యాల కూర్పు కుదిరేసరికి 13 టేకులయ్యాయి. నిర్మాత జార్జ్ మార్టిన్ సలహాతో మెకార్ట్నీ, లెనన్, జార్జ్ హారిసన్ మూడు గొంతులు కలిపి ‘ఊ’ అంటూ హార్మనీ పాడారు. ఆ మంద్రమైన ఆలాపన చరణాన్ని మోస్తుందే తప్ప మీదికి రాదు. దరువుకు తోడు చిటికెలు వేశారు. ప్రధాన గాత్రాన్ని టేపు వేగం తగ్గించి రికార్డు చేసి, మామూలు వేగంతో వినిపించారు. అందుకే గొంతు పిసరంత సన్నగా, లేతగా ఉంటుంది. ఇదే ఆల్బమ్‌లోని ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’ పాటలో మగతను పలికించిన టేపు విద్యే ఇక్కడ చనువును పలికించింది.

మెకార్ట్నీ పాటలను నిర్మొహమాటంగా విమర్శించే లెనన్ కూడా, బీటిల్స్ పాటల్లో తనకెంతో ఇష్టమైన వాటిలో ఇదొకటని 1980లో చెప్పారు.

ఇవాళ మన యువ సంగీత దర్శకుల ల్యాప్‌టాప్‌లో ఎన్ని ట్రాకులు కావాలంటే అన్ని ఉన్నాయి. ప్రేమపాట అనగానే తీగవాద్యాల వరద పెట్టాలనిపించడం సహజమే. ప్రేమను నమ్మించేది మాత్రం గొంతులోని దగ్గరితనం. దానికి చోటు వదలడమే తక్కిన వాద్యాల పని. ఏ వాద్యాన్ని ఎక్కడ ఆపాలో నేర్చుకోవాలనుకునే ప్రతి సంగీత దర్శకుడూ ఈ పాటను ఒక పాఠంగా కూర్చుని వినాలి.